కార్నెగీ మెట్లెక్కిన సాల్సా

న్యూయార్క్‌ మన్‌హట్టన్‌లో ఏడో అవెన్యూ, 57వ వీధి కలిసే మూలన గోధుమరంగు ఇటుకల భవనం ఒకటుంది. చుట్టూ లేచిన అద్దాల మేడల మధ్య అది పొట్టిగా, బరువుగా కనిపిస్తుంది. అదే కార్నెగీ హాల్. 1891 మే 5న తలుపులు తెరిచినప్పుడు రష్యా నుంచి చైకోవ్‌స్కీ స్వయంగా వచ్చి తన సంగీతాన్ని నడిపించాడు. డబ్బు పెట్టింది ఉక్కు సామ్రాట్టు ఆండ్రూ కార్నెగీ. చిత్రమేమిటంటే, ఆ ఉక్కు దొర కట్టించిన సంగీతశాలకు ఉక్కు చట్రం లేదు. అడుగుల మందాన ఇటుక, సున్నం, కాంక్రీటు పేర్చి కట్టారు. వాస్తుశిల్పి విలియం బర్నెట్‌ టుత్‌హిల్‌కు చెల్లో వాయించే అలవాటుంది. గోడ మందంగా ఉంటే వీధి రొద లోపలికి రాదనీ, లోపలి స్వరం బయటికి జారిపోదనీ ఆయన లెక్క.

ఈ వేదిక మీద 1990ల్లో ప్యూర్టో రికో గాయకుడు హిల్బెర్తో సాంతా రోసా సాల్సా అనే లాటిన్ నాట్య సంగీత కచేరీ చేశాడు. దాని రికార్డు 1995లో ‘ఎన్‌ వీవో దెస్దె ఎల్‌ కార్నెగీ హాల్‌’ పేరుతో వచ్చింది. అందులోని ‘పెర్దోనామే’ పాట సాల్సా అభిమానులున్న ప్రతి ఊళ్లోనూ ఇప్పటికీ మోగుతూనే ఉంది. స్టూడియోలో చేసిన అసలు పాట ఒకటుందని మరిచిపోయేంతగా ఈ కచేరీ పాటే జనం నాలుకల మీద నిలిచింది. ఆ రాత్రి అక్కడ ఏం జరిగిందో తెలియాలంటే ముందు హాలు చూడాలి, తర్వాత దాని చుట్టుపక్కల నాలుగు వీధులు నడవాలి.

హాలు లోపల ఐదు అంతస్తుల్లో 2,804 కుర్చీలున్నాయి. గోడలు మీగడ తెలుపు, అంచులకు బంగారు పూత, కుర్చీలకు ఎర్ర మఖమలు. మూలలన్నవే కనిపించకుండా బాల్కనీలు వంపు తిరిగి వేదికను కౌగిలించుకున్నట్టు ఉంటాయి. అన్నిటికంటే పైనున్న బాల్కనీకి లిఫ్టు వెళ్లదు, 137 మెట్లెక్కాలి. అంత ఎత్తున, చవక టికెట్‌ మీద కూర్చున్నవాళ్లకు కూడా వేదిక మీది చిన్న స్వరం స్పష్టంగా అందుతుందని ఈ హాలుకు పేరు. నిండుగా జనం ఉన్నప్పుడు ఇక్కడ ధ్వని సుమారు 1.8 సెకన్లు నిలుస్తుంది. వయొలిన్లకు, ఆర్కెస్ట్రాకు అది వరం. డప్పులకు మాత్రం అగ్నిపరీక్ష. ఈ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

ఇంత పేరున్న హాలునే 1960లో కూల్చి, ఎర్రటి ఆకాశహర్మ్యం కట్టాలనుకున్నారు. వయొలిన్‌ విద్వాంసుడు ఐజాక్‌ స్టెర్న్‌ ముందుండి పోరాడితే న్యూయార్క్‌ నగరం 50 లక్షల డాలర్లకు కొని కాపాడింది. ఇప్పుడు ప్రధాన సభాభవనానికి ఆయన పేరే ఉంది. దీని పైకప్పుకూ నేలకూ చెరొక కథ. ‘కార్నెగీ హాల్‌’ అనే సినిమా తీయడానికి 1946లో వేదిక మీది కప్పుకు రంధ్రం చేశారు. దాన్ని సరిగా పూడ్చకుండా గుడ్డ, తెరలు కప్పి నలభై ఏళ్లు నెట్టుకొచ్చారు. 1986లో భారీ మరమ్మతులు చేసి కప్పును పూర్తిగా మూశాక, హాలులో పాత మాధుర్యం తగ్గిందని సంగీతకారులు గొణగడం మొదలుపెట్టారు. వేదిక కింద కాంక్రీటు పోశారేమోనన్న అనుమానం ఏళ్ల తరబడి నలిగింది. చివరికి 1995 వేసవిలో చెక్క నేలను ఊడదీసి చూస్తే కింద నిజంగానే కాంక్రీటు ఉంది! దాన్ని తవ్వి తీసేసి కొత్త చెక్క పరిచారు. సాంతా రోసా రికార్డు బజారులోకి వచ్చిన సంవత్సరం కూడా అదే.

కచేరీని ఉన్నదున్నట్టు రికార్డు చేసి అమ్మడంలో ఈ హాలుకు పెద్ద చరిత్ర ఉంది. 1938 జనవరి 16న బెన్నీ గుడ్‌మన్‌ జాజ్‌ బృందం ఇక్కడ వాయించింది. ఆ రికార్డులు ఆయన ఇంట్లో మూలపడి ఉండి, 1950లో బయటికొచ్చి సంచలనం సృష్టించాయి. 1961 ఏప్రిల్‌ 23న జూడీ గార్లండ్‌ పాడిన కచేరీ రికార్డు ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆమే. మనకూ ఇందులో వాటా ఉంది. 1977లో ఎం.ఎస్‌.సుబ్బులక్ష్మి ఇక్కడ కచేరీ చేశారు, అది కూడా రికార్డుగా వచ్చింది. ఆమె పాటను భద్రపరిచిన గోడలే కొన్నేళ్లకు సాంతా రోసా బృందం కొంగా డప్పునూ విన్నాయి.

ఇక బయటికి వచ్చి ఏడో అవెన్యూ మీదుగా దక్షిణానికి నడుద్దాం. నాలుగు వీధులు దాటి బ్రాడ్‌వే వైపు తిరిగితే 53వ వీధి మూల వస్తుంది. 1946 నుంచి 1966 దాకా ఇక్కడ మేడ మీద పలాడియం బాల్‌రూమ్‌ ఉండేది. ఇప్పుడు ఆ భవనం లేదు. ఆ ఇరవై ఏళ్లలో లాటిన్‌ సంగీతానికి న్యూయార్క్‌లో అదే రాజధాని. మచీటో, టీటో పుయెంతే, టీటో రొద్రీగెస్‌ అనే ముగ్గురు నాయకుల బృందాలు పోటాపోటీగా వాయించేవి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, యూదులు, ఇటాలియన్లు, ప్యూర్టో రికన్లు ఒకే నేల మీద కలిసి మాంబో నాట్యం ఆడారు. ఊళ్లో చాలాచోట్ల నల్లవాళ్లకు తలుపులు తెరవని కాలమది. పలాడియం గుమ్మంలో అడిగే ప్రశ్న ఒక్కటే, ఆట వచ్చా రాదా! 1961లో మద్యం లైసెన్సు పోయాక హాలు నీరసించి, ఐదేళ్లకు మూతపడింది.

అక్కడి నుంచి మరొక వీధి దిగి ఎనిమిదో అవెన్యూ దాటితే, 52వ వీధిలో చీటా క్లబ్బు ఉండిన చోటు. 1971 ఆగస్టు 26 రాత్రి అక్కడ ఫానియా ఆల్‌ స్టార్స్‌ కచేరీ జరిగింది. జానీ పచేకో అనే సంగీతకారుడు, జెర్రీ మసూచీ అనే లాయరు కలిసి 1964లో పెట్టిన చిన్న రికార్డు కంపెనీ ఫానియా. తమ కంపెనీ గాయకులను, వాద్యకారులను అందరినీ ఆ రాత్రి ఒకే వేదిక మీదికి ఎక్కించారు. ఎక్తోర్‌ లవో, చెయో ఫెలిసియానో, ఇస్మాయెల్‌ మిరాందా, పీట్‌ ‘ఎల్‌ కొందే’ రొద్రీగెస్‌ వంటివాళ్లు ఒకరి తర్వాత ఒకరు మైకు అందుకున్నారు. ‘కీతాతె తూ’ అనే పాట పావుగంట దాటింది. ప్రతి గాయకుడూ తన వంతు రాగానే అప్పటికప్పుడు చరణం అల్లి, పక్కవాణ్ని సవాలు చేసి తప్పుకుంటాడు. ఆ రాత్రి మీద లియోన్‌ గాస్ట్‌ 1972లో ‘అవర్‌ లాటిన్‌ థింగ్‌’ అనే సినిమా తీశాడు. సాల్సా అనే పేరు లోకానికి వ్యాపించడంలో ఆ సినిమాకు, రెండు భాగాలుగా వచ్చిన ఆ రికార్డుకు పెద్ద చేయి ఉంది.

ఈ మూడు చోట్లూ కిలోమీటరు లోపే. అయినా పలాడియం మేడ నుంచి కార్నెగీ వేదికకు నడవడానికి ఈ సంగీతానికి దశాబ్దాలు పట్టింది. మధ్యలో కొన్ని తొంగిచూపులు లేకపోలేదు. 1947 సెప్టెంబరు 29న డిజ్జీ గిల్లెస్పీ జాజ్‌ బృందంతో కలిసి క్యూబా కొంగా వాద్యకారుడు చానో పోసో కార్నెగీ హాల్లో వాయించాడు. 1973లో లారీ హార్లో రాసిన ‘హోమీ’ అనే లాటిన్‌ ఓపెరాలో పాడటానికి సీలియా క్రూజ్‌ ఇదే వేదిక ఎక్కింది. అప్పటికే క్యూబాలో పెద్ద పేరున్నా న్యూయార్క్‌ కుర్రకారుకు అంతగా తెలియని ఆమెను కొత్త తరం అక్కున చేర్చుకున్నది ఆ తర్వాతే. కాబట్టి సాంతా రోసా మొదటివాడా కాదా అన్న లెక్క నాకు ముఖ్యం కాదు. ఓపెరా అండ, జాజ్‌ అండ లేకుండా ఒక సాల్సా గాయకుడు తన పాటలతో, తన పేరుతో ఇక్కడ నిలబడి, ఆ రాత్రిని రికార్డుగా మిగిల్చాడు. నాకు గొప్పగా తోచేది అదే.

ఆయన 1962 ఆగస్టు 21న సాన్‌ హువాన్‌ నగరంలోని సాంతూర్సే పేటలో పుట్టాడు. పలాడియంను ఊపేసిన టీటో రొద్రీగెస్‌ది కూడా సాంతూర్సేనే. జనం ‘సొనేరో మయోర్‌’ (అప్పటికప్పుడు అల్లి పాడేవారిలో మేటి) అని కొలిచిన ఇస్మాయెల్‌ రివేరాది కూడా అదే పేట. ఒక్క పేట ఇంతమంది గాయకులను ఎలా కన్నదో! సాంతా రోసా చిన్న వయసులోనే బృందాల వెంట తిరిగాడు. టామీ ఒలివెన్సియా దగ్గర, తర్వాత విల్లీ రొసారియో దగ్గర పాడాడు. విల్లీ రొసారియో తాళం విషయంలో మహా కచ్చితమైన మనిషి. ఆయన దగ్గర ఆరితేరిన గాయకుడు లయ తప్పడమనేది ఉండదు. 1986లో సొంతంగా తొలి ఆల్బమ్‌ చేసిన సాంతా రోసా, 1990 నాటి ‘పుంతో దె వీస్తా’తో ఇంటింటి గాయకుడయ్యాడు. ‘పెర్దోనామే’ మొదట వచ్చింది అందులోనే. తన గురుతుల్యుడైన టీటో రొద్రీగెస్‌ పాటలతో 1992లో పూర్తి ఆల్బమ్‌ చేసి రుణం తీర్చుకున్నాడు. సూటు, టై, నెమ్మదైన మాట, పొదుపైన నవ్వు చూసి జనం ఆయనకు ‘సాల్సా పెద్దమనిషి’ అని బిరుదిచ్చారు.

ఆయన ఎదిగిన కాలం సాల్సాకు అంత మంచి కాలం కాదు. 1980ల మధ్య నుంచి ప్రేమపాటల సాల్సా బజారును ఏలింది. స్టూడియోల్లో నునుపుగా తీర్చిన పాటలు, నాలుగు నిమిషాలకు కత్తిరించిన నిడివి, రేడియోకు సరిపోయే మోత. గాయకుడు వేదిక మీద అప్పటికప్పుడు అల్లే కళ మూలపడుతోందని పెద్దవాళ్లు బాధపడ్డారు. సాంతా రోసా ప్రేమపాటలూ పాడాడు, ఆ అల్లికనూ వదల్లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలిచినవాడు అరుదు. ఆయన నిలిచాడు.

అల్లిక ఎలా జరుగుతుందో తెలియాలంటే సాల్సా పాట కట్టడం తెలియాలి. అంతటికీ ఆధారం క్లావే. రెండు చిన్న కర్రముక్కలతో వాయించే ఐదు దెబ్బల వరస అది. ఒక సగంలో మూడు, మరో సగంలో రెండు. కొన్నిసార్లు ఆ కర్రలు అసలు మోగకపోవచ్చు. అయినా పియానో, బేస్‌, కొంగా, బోంగో, తింబాలెస్‌, బాకాలు అన్నీ ఆ ఐదు దెబ్బలను మనసులో మోస్తూనే ఉంటాయి. పాట మొదటి భాగంలో కథ చెబుతారు. రెండో భాగం మొంతూనో. అక్కడ పియానో ఒక చిన్న వరసను తిప్పితిప్పి వాయిస్తుంది, బోంగో వాయించే మనిషి డప్పు పక్కనపెట్టి గంట అందుకుంటాడు, వంతపాటవాళ్లు ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ పాడతారు. ఆ పాదానికీ పాదానికీ మధ్య దొరికే కొన్ని సెకన్ల ఖాళీ గాయకుడిది. అందులో కొత్త మాటలు పుట్టాలి, ప్రాస కుదరాలి, అర్థం నిలవాలి, క్లావే తప్పకూడదు, వంతపాట అందుకునే చోట సరిగ్గా దిగాలి. ఇది చేయగలిగినవాణ్నే సొనేరో అంటారు.

మన అవధానాల్లో సమస్యాపూరణ చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు, అవధాని ఆ పాదానికి చేరేలా పద్యం అల్లుతాడు. ప్యూర్టో రికో కొండపల్లెల్లో అచ్చంగా ఇలాంటి ఆటే ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. అక్కడ దెసిమా అనే ఛందస్సు ఉంది. ఎనిమిదేసి అక్షరాల పాదాలు పది, ప్రాస వరస కట్టుదిట్టం. పండుగల్లో, పోటీల్లో కవికి ఒక పాదం అప్పటికప్పుడు ఇస్తారు. పదో పాదం అదే అయ్యేలా మిగతా తొమ్మిదీ నిలబడి పాడాలి. సాల్సా అల్లిక ప్రధానంగా క్యూబా ‘సోన్‌’ సంగీతం నుంచి వచ్చిందన్నది నిజమే. కానీ దెసిమాలు వింటూ పెరిగిన చెవులకు ఆ విద్య ఎంత సులువుగా అబ్బి ఉంటుందో ఊహించవచ్చు. తేడా ఏమిటంటే, అవధానికి ఆలోచించుకునే వ్యవధి కాస్త ఉంటుంది. సొనేరో వెనక డజను వాద్యాలు పరిగెడుతుంటాయి, అతని కోసం అవి ఆగవు.

కార్నెగీ హాల్లో ‘పెర్దోనామే’ మొంతూనోలోకి దిగాక సాంతా రోసా అదే చేశాడు. క్షమించమని ప్రియురాలిని వేడుకునే పాట అది. వంతపాట ఆ వేడికోలునే తిరగేస్తుంటే, ఆయన ఒక్కో వంతులో ఒక్కో కొత్త సాకు, కొత్త బతిమాలు, కొత్త చమత్కారం తీస్తాడు. స్టూడియో పాటకంటే ఇది ఎంతో పొడవు. జనం కేకలు ఒక్కో అల్లికకూ పెరుగుతూ పోవడం రికార్డులో వినిపిస్తుంది. ఈ మనిషి దగ్గర మాటలు అయిపోతాయేమో అనుకున్న ప్రతిసారీ మరొకటి వస్తుంది. గొంతు మాత్రం ఎక్కడా పెంచడు. అరవకుండా ఉత్కంఠ పెంచడమే ఆయన బలం. అభిమానులు ఆ అల్లికలను వరస తప్పకుండా కంఠస్థం చేశారు. ఒక రాత్రి గాలిలో పుట్టిన మాటలు అచ్చు పాఠంలా స్థిరపడిపోయాయి.

ఇప్పుడు ఆ 1.8 సెకన్ల సంగతి. కొంగా మీద అరచేతి దెబ్బ కరకరలాడాలి. ఒక దెబ్బ చల్లారకముందే ఇంకో నాలుగు పడతాయి. వయొలిన్‌ స్వరాన్ని తీయగా సాగదీసే హాలు ఈ దెబ్బలనూ సాగదీస్తే అంతా కలిసి గుజ్జవుతుంది, క్లావే మునిగిపోతుంది. అందుకే ఇలాంటి కచేరీ రికార్డు చేసేవాళ్లు ప్రతి డప్పుకూ, బాకాకూ దగ్గరగా మైకు పెట్టి, హాలు ధ్వనిని వేరే మైకులతో పట్టి, తర్వాత పాలు నీళ్లు చూసి కలుపుతారు. ఈ రికార్డులో గంట మోత మొదలు వంతపాట దాకా ఏదీ మసకబారలేదు. చప్పట్లు మాత్రం ఐదంతస్తుల నుంచి దిగివస్తున్నంత నిండుగా ఉంటాయి.

లైవ్‌ అని ముద్రించినవన్నీ నమ్మదగ్గవి కావు. 1973 ఆగస్టు 24న ఫానియా ఆల్‌ స్టార్స్‌ యాంకీ స్టేడియంలో నలభై వేలకు పైగా జనం ముందు వాయించినప్పుడు, జనం కంచె దూకి మైదానంలోకి దూసుకొచ్చి కచేరీ అర్ధాంతరంగా ఆగింది. 1975లో స్టేడియం పేరుతో వచ్చిన రికార్డుల్లో చాలా భాగం నిజానికి సాన్‌ హువాన్‌ కచేరీది. ఆ సంగీతం గొప్పదే, అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలోనూ చేరింది. అయినా వినేటప్పుడు నా మనసు ఎక్కడో వెతుకుతుంది, ఇది ఏ రాత్రి, ఏ జనం అని. కార్నెగీ రికార్డు వింటే ఆ వెతుకులాట ఉండదు.

హాలు ఇప్పటికీ ఏడాది పొడవునా నడుస్తోంది. 2003లో భూగర్భంలో 599 కుర్చీల జాంకెల్‌ హాల్‌ తెరిచారు. అందులో కూర్చుంటే పక్కనే పోయే సబ్‌వే రైలు గురగుర అప్పుడప్పుడు వినిపిస్తుంది. పైన 268 కుర్చీల వైల్‌ రిసైటల్‌ హాల్‌ ఉంది. ఒకప్పుడు కళాకారులు అద్దెకున్న పైఅంతస్తుల స్టూడియోలు ఇప్పుడు సంగీత విద్యా విభాగమయ్యాయి.

వెళ్లాలనుకునేవారికి ఎన్‌, క్యూ, ఆర్‌, డబ్ల్యూ రైళ్లు ఆగే 57వ వీధి-ఏడో అవెన్యూ స్టేషను గుమ్మం పక్కనే ఉంది. 1991లో శతవార్షికానికి తెరిచిన రోజ్‌ మ్యూజియం ప్రవేశం ఉచితం. వేసవిలో హాలు కార్యక్రమాలు పలచబడతాయి కాబట్టి అక్టోబరు నుంచి మే వరకు వెళ్లడం మేలు. గైడు వెంట హాలు చూపించే పర్యటనల వేళలు ముందే కనుక్కోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు పైబాల్కనీ టికెట్‌ తీసుకోకండి, ఆ 137 మెట్లు ఎక్కాల్సిందే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన అమ్మానాన్నలు న్యూయార్క్‌ అంటే స్వేచ్ఛా ప్రతిమ, టైమ్స్‌ స్క్వేర్‌ చూసి తిరిగి వస్తుంటారు. టైమ్స్‌ స్క్వేర్‌ నుంచి ఈ హాలు నడిచి వెళ్లేంత దూరమే.

వెళ్లలేనివారు రికార్డు వినండి. ముందు 1990 నాటి స్టూడియో ‘పెర్దోనామే’ ఒకసారి, వెంటనే కార్నెగీ ‘పెర్దోనామే’ ఒకసారి. స్పానిష్‌ రాకపోయినా ఫరవాలేదు. వంతపాట పాదాన్ని పట్టుకుని, దాని మధ్య ఖాళీల్లో ఆయన ఏం చేస్తున్నాడో గమనిస్తే చాలు. అవధానం విన్న చెవులకు రెండో వంతు వచ్చేసరికి అంతా తెలిసిపోతుంది.